డోల్కర్ అనే సవతి

చేపల రేవులో జవాబు ఆలస్యమైతే సరుకు పక్కవాడిదవుతుంది. వేలం పాటగాడు ధర పిలుస్తాడు. తల ఊపాలి, లేదా ఊరుకోవాలి. ఆలోచించుకుని చెబుతానంటే రొయ్యలు ఆగవు, పాటగాడు అసలే ఆగడు. కాకినాడ హార్బరు పక్కన మా నాన్న పెట్టిన ఐసు ఫ్యాక్టరీలో నేను నేర్చుకున్న మొదటి చదువు ఇది. అందుకే మా ఆయన దగ్గర తేడా వచ్చిందని నాకు మొదటి రోజే తెలిసింది.

కొండల నుంచి సెలవుకి వచ్చారు. స్నానం చేసి వసారాలో కూర్చున్నారు.

"ఏవండీ, కాఫీ కలపమంటారా?" అన్నాను.

నా వంక చూశారు. చూస్తూనే ఉన్నారు. నేను లోపలికి వెళ్ళి, కాఫీ కలిపి, తెచ్చి చేతికిచ్చాను. తాగారు. గ్లాసు కింద పెట్టాక అన్నారు: "ఆఁ, కలుపు."

మా అమ్మాయి తనూజ పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆయన బుర్రలో నాకంటే ముందు వరసలో ఎవరో నిలబడి ఉన్నారనిపించింది.

ఆయన పేరు ఆదిశేషు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే రోజుల్లో ఒకసారి మా ఫ్యాక్టరీకి వచ్చారు. వచ్చి, "ఐసు దిమ్మ చుట్టూ అద్దంలా ఉండి మధ్యలో మాత్రం తెల్లగా ఉంటుంది, ఎందుకండీ?" అని అడిగారు. "మీకెన్ని దిమ్మలు కావాలండి?" అన్నాను నేను. ఒకటి కొనుక్కున్నారు. తీసుకుపోలేదు. మా షెడ్డులోనే బల్ల మీద పెట్టుకుని, అది కరిగేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నారు. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు లోపలున్న గాలి బయటికి పోలేక నడిమధ్యలో చిక్కుకుంటుందట, ఆ తెలుపు గాలిదేనట. నాకు గాలి సంగతి అక్కర్లేకపోయింది. ఒక వస్తువును అంత ఓపిగ్గా చూసే మనిషి నన్ను కూడా అలాగే చూస్తాడు కదా అని లెక్కేసుకున్నాను. పెళ్ళి చేసుకున్నాను. లెక్క తప్పలేదు. కాకపోతే ఆ చూపు నా మీద నిలిచింది కొద్దికాలమే. తర్వాత ఆయనకు ఇంకా పెద్ద దిమ్మ దొరికింది.

హిమాలయాల్లో, లాహుల్ వైపు, ఒక హిమానీనదం. అక్కడివాళ్ళు దాన్ని డోల్కర్ అంటారు. అంటే తెల్లని తార, వాళ్ళ దేవత. పేరు కూడా ఆడపేరే. ఫోన్ చేస్తే చాలు, "ఇవాళ డోల్కర్ ఎడమవైపు కొంచెం ఒళ్ళు విరుచుకుంది" అనేవారు. ఇంట్లో ఒక మనిషి జ్వరంతో పడుకుందన్న కబురు మాత్రం రెండో ఫోనుకి గుర్తొచ్చేది. ఆ మాటల మధ్యలో ఇంకో పేరు దొర్లేది. డాక్టర్ మృణాళిని. ఆయన కింద పనిచేసే శాస్త్రవేత్త.

వేట నిషేధం రోజుల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, ఐసు అడిగేవాడుండడు. ఆ ఏడాది ఆ రోజులు రాగానే ఫ్యాక్టరీకి తాళం వేసి, తనూజను మా చెల్లెలింట్లో దింపి, ఆయనతో పాటే కొండెక్కాను. సరుకు ఏదో కళ్ళారా చూడనిదే నేను మాటాడను.

*

"అక్కా, ఊపిరి ఆడుతున్నదా? జర మెల్లగ నడువుండ్రి. ఇక్కడ తొందరపడితే తల తిరుగుతది."

మృణాళిని. కరీంనగర్ పిల్ల. చెవుల మీదికి లాగిన ఉన్ని టోపీ, పగిలిన పెదవులు, గోళ్ళనిండా గ్రీజు. రొయ్యను తిప్పి చూసినట్టు పై నుంచి కింది దాకా చూశాను. అసూయ పడటానికి ఎక్కడా చోటు దొరకలేదు. అయినా కొంచెం పడ్డాను. దారిఖర్చులైనా గిట్టాలి కదా.

మా ఆయన మాత్రం నన్ను గుడారంలో దింపి, "ఇప్పుడే వస్తాను" అని మంచు మీదికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆయన నడకలో ఉన్న హుషారు చూశాను. ఆ హుషారు రేపు మా ఊళ్ళో రైలు దిగేటప్పుడు ఉండదు. అప్పుడర్థమైంది, నా సవతి ఈ పిల్ల కాదు. అదిగో, ఆ లోయంతా కాళ్ళు బారజాపుకుని పడుకున్నదే, అది.

"ఎంత మందం ఉంటుందమ్మా?" అని అడిగాను.

"నడిమిట్ల అయితే తాటిచెట్టు మీద తాటిచెట్టు, అట్ల పదిహేను నిలబెట్టుండ్రి. దక్షిణ ధ్రువం కాడైతే మైళ్ళ లెక్క. గదాని ముందర మన డోల్కర్ చిన్నపిల్ల."

"ఐసు విరుగుతుంది, కరుగుతుంది. నేను పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను. పారుతుందంటారేంటి మీరు?"

మృణాళిని నవ్వి, నన్ను ఒక రేకుల గదిలోకి తీసుకుపోయింది. మధ్యలో ఒక వాలుకుర్చీ. మీద నీళ్ళపరుపు, తలకు తొడిగే టోపీ, చేతి కింద ఒక మీట. మంచును అడుగున ఉన్న నేల దాకా తొలిచి తీగలు దింపారట. లోపల ఏ లోతున మంచు ఎటు నొక్కినా ఆ నొక్కుడు ఈ పరుపు మీదికి వస్తుందట.

"మరి టోపీ ఎందుకు?"

"డోల్కర్ రోజుకు జానెడు కూడ జరగదక్కా. మనిషికి అది కదలికే కాదు. ఈ టోపీ మనిషి లోపలి గడియారాన్ని మెల్లగ చేస్తది. ఒక దినమంతా ఒక గుక్కెడు నీళ్ళు తాగినంత సేపే అనిపిస్తది. అప్పుడు తెలుస్తది, అది గడ్డ కాదు, నది అని."

"సినిమా రీలు గబగబా తిప్పినట్టు, యంత్రం రాసుకున్నది గబగబా తిప్పి వినొచ్చు కదా? మనిషినెందుకు కూర్చోబెట్టడం?"

"తిప్పి విన్నం. చప్పుడు వినవడ్తది, బరువు తెల్వది. వెయ్యి చప్పుళ్ళల్ల ఏది ఉత్త ఆవులింతో, ఏది నిజంగ లేచి నడిచేదో యంత్రం చెప్పలేదు. సార్‌కు తెలుస్తది."

ఎందుకు తెలియాలో కూడా చెప్పింది. అక్కడివాళ్ళ తాతల కాలంలో ఒకసారి డోల్కర్ ఉన్నట్టుండి కిందికి దూకి నదికి అడ్డం పడింది. వెనక నీళ్ళు చెరువై, ఆ అడ్డు తెగి, కింద ఉన్న లోచర్ అనే ఊరిని ఊడ్చేసింది. మళ్ళీ కట్టుకున్నారు. మళ్ళీ దూకేరోజు ముందుగా తెలియాలి, తెలియగానే కుర్చీలో ఉన్నవాళ్ళు మీట నొక్కాలి, అంతే వీళ్ళ పని.

"నన్ను కూర్చోబెట్టు" అన్నాను.

"సార్ ఒప్పుకోడు."

"ఆయన ఒప్పుకునేలోపు నేను లేచి కూడా వచ్చేస్తాను. ఆయన జవాబుల సంగతి నీకు తెలీదేంటి?"

ఆ మాటకి ఆ పిల్ల తల దించుకుంది. తెలుసన్నమాట.

కూర్చున్నాను. టోపీ తొడగ్గానే గది చప్పుళ్ళన్నీ సన్నని ఈల అయిపోయాయి. తల మీద దూదిలా ఏదో వాలింది. పోయిన చలికాలపు మంచు, ఇంకా గాలితో నిండి ఉంది. భుజాల దగ్గర అది పాత మంచు. రేకులు విరిగి, గుండ్రబడి, పంచదార పలుకుల్లా ఒకదాన్నొకటి నొక్కుతున్నాయి. ఇంకా కిందికి గాలి పోవడానికి దారి లేక బుడగలై చిక్కుకుంది, మా దిమ్మ నడిమి తెలుపులాగే. నడుము దాటాక ఆ బుడగలు కూడా నలిగిపోయాయి. అక్కడంతా నీలం. కళ్ళు మూసుకున్నా ఆ నీలం తెలిసింది. రెండు తాడిచెట్ల లోతు దాటేసరికి పైబరువుకి ఐసు ఐసులా లేదు. ముదురుపాకంలా సాగుతోంది. నా రెండు పక్కలా రాయి ఒరుసుకుంటోంది. పక్కలు వెనక్కి లాగుతుంటే నడిమధ్య ముందుకు పోతోంది. పైన మాత్రం సాగలేక పెళుసుగా పగుళ్ళిస్తోంది. అరికాళ్ళ కింద చల్లటి పలచని నీరు, ఆ నీటి మీద ఆ కొండంత బరువూ జారుతోంది.

బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. అంత పెద్ద శరీరం, ఎవరికీ ఏమీ చెప్పుకోకుండా, ఎవర్నీ ఏమీ కోరకుండా కదలడం.

కానీ ఆ సుఖం మధ్యలోనే ఇంకోటి తెలిసింది. ఆ పరుపు మీద ఒక వంపు ఉంది. ఎడమ భుజం కొంచెం లోతుగా, కుడి మోకాలు పక్కకి. మా ఆయన పడుకునే తీరు. మా ఇంటి మంచం మీద ఆ వంపు ఎప్పుడో పోయింది.

లేచేసరికి మర్నాడైంది. మా ఆయన ఎదురుగా నిలబడి కోప్పడుతున్నారు. చాలాసేపటి నుంచి కోప్పడుతున్నారట. నాకు ఆఖరి మాట ఒక్కటే అందింది: "...నీకేమైనా అయితే?"

"మీకైతే ఫర్వాలేదాండి?" అన్నాను. జవాబు మర్నాడు, మేము కొండ దిగే జీపులో వచ్చింది. "నాకేమవుతుంది?" అన్నారు.

*

వేట మొదలయ్యాక రొయ్యల పాటలో నిలబడ్డాను. పాటగాడు నాకు కావలసిన ధరే పిలిచాడు. తల ఊపాననుకున్నాను. ఊపేలోపు సరుకు ఉప్పాడ వాళ్ళ తట్టలోకి పోయింది.

"ఏంటి వీరవేణమ్మగారూ, రాత్రి నిద్ర సరిపోలేదా ఆయ్?" అన్నాడు పాటగాడు. అందరూ నవ్వారు.

ఒక్కసారి కూర్చున్నందుకు అది నా దగ్గర ఒక్క గుక్క సేపు పట్టుకుపోయింది. కొన్ని వారాలకు తిరిగొచ్చింది అనుకోండి. ఆయన మధ్యమధ్య లేస్తూ అయినా రెండు చలికాలాలు కూర్చున్నారు. ఆయన దగ్గర ఎంత పట్టుకుపోయిందో ఆ రోజు రేవులో నిలబడి అంచనా వేసుకున్నాను.

ఆ ఏడు ఆయన్ని కదలనివ్వలేదు. సెలవు పెట్టించి ఇంట్లో కూర్చోబెట్టాను. పొద్దున అడిగితే సాయంత్రం పలికే మనిషిని మాటలతో కరిగించే పని పెట్టుకున్నాను. తనూజ నాకంటే తెలివిగా చేసింది. బడికి పోయే ముందు బట్టలు ఇస్త్రీకి వేసినట్టు ఒక ప్రశ్న వేసి పోయేది. "నాన్నా, మంచు నీలంగా ఎందుకుంటుంది?" సాయంత్రం రాగానే, "ఎరుపును తను మింగేసి నీలాన్ని బయటికి పంపిస్తుందమ్మా" అని జవాబు సిద్ధంగా ఉండేది.

వానలు వెళ్ళేసరికి సాయంత్రం జవాబు మధ్యాహ్నానికి వచ్చింది. తర్వాత అరగంటకి. ఒకరోజు భోజనాల దగ్గర తనూజ వాళ్ళ లెక్కల మేష్టారిని అనుకరించింది. ముగ్గురం ఒకేసారి నవ్వాం. నేను చారు గరిటె పట్టుకుని వంటింట్లోకి పోయి, కాసేపు బయటికి రాలేదు.

అప్పుడొచ్చింది మృణాళిని. కాకినాడ ఎండలో ఆ ఉన్ని టోపీ చేత్తో పట్టుకుని, వసారా మెట్ల మీద నిలబడి.

"వరసగ మూడు చలికాలాలు మంచు విపరీతంగ పడ్డదక్కా. పైన మందం పెరిగింది. కింద నీళ్ళు బయటికి పోతలేవు, అట్లనే నిండుతున్నయి. ఈసారి డోల్కర్ లేస్తది. ఎప్పుడన్నదే తెల్వది. ఈ చలికాలం మొత్తం సార్ కూర్చోవాలె."

"మొత్తం అంటే?"

"కార్తీకం నుంచి వైశాఖం దాక. లేవకుంట."

"లేచాక?"

ఆ పిల్ల మజ్జిగ గ్లాసు వంక చూసింది. "ఒక మాటకు జవాబు ఏడాదికి రావచ్చు. అంతకన్న ఎక్కువ కూడ పట్టచ్చు. మళ్ళ మునుపటి లెక్క అయితడని నేను చెప్పలేను."

"కుదరదు."

"కింద లోచర్ల మూడొందల ఇండ్లున్నయక్కా. పిల్లలున్నరు. ఊరికెనే ఖాళీ చేయమంటె చేయరు, చలికాలంల ఎక్కడికి పోతరు? దినం చెప్పాలె."

నేను రాయిని కాదు. ఆ ఊళ్ళో దిగినప్పుడు ఒక ముసలావిడ నా చేతిలో ఎండు ఆప్రికాట్లు పోసింది. అవి ఇంకా నా డబ్బాలో ఉన్నాయి. కానీ నా మొగుణ్ణి ఇప్పుడిప్పుడే ఆ మంచులోంచి తవ్వి తీసుకున్నాను. కాదనలేను, ఔననలేను. అలాంటప్పుడు వ్యాపారం తెలిసినవాళ్ళు చేసేది ఒక్కటే, బేరం.

"ఆయన తప్ప కూర్చోగలవాళ్ళే లేరా?"

"నేను కొంచెం నేర్చుకున్న."

"అయితే సగం ఆయన, సగం నువ్వు."

ఒక పడవ మోయలేని బరువును రెండు పడవలకు సర్దడం మా రేవులో రోజూ చేసే పనే. మృణాళిని వేళ్ళ మీద లెక్క కట్టింది. సగమైతే ఇద్దరికీ జవాబు ఒక పున్నమి నుంచి ఇంకో పున్నమికి వస్తుందని, అంతకంటే ముదరదని చెప్పింది. "సరే అక్కా" అంది. గెలిచాను. ఏడాది, రెండేళ్ళ నుంచి నెలకి దించాను. రేవులో ఇంత మంచి బేరం నేనెప్పుడూ కొట్టలేదు.

మజ్జిగ తాగి, టోపీ తీసుకుని, ఆ పిల్ల బస టోలుగేటు దగ్గరి హోటల్లో అని చెప్పి వెళ్ళిపోయింది. ఆటో చప్పుడు కూడా వినబడటం మానేశాక, అంతసేపూ మా మధ్యనే కూర్చుని ఉన్న మా ఆయన నోరు తెరిచారు.

"ఆ అమ్మాయి వద్దు వేణీ. చిన్నపిల్ల."

"పాట కొట్టేశాక వెనక్కి తీసుకోరండీ" అన్నాను.

*

ఆయన్ని ఒంటరిగా పంపలేదు, నేనూ వెళ్ళాను. గుడారంలో స్టవ్ మీద వంజరం ఎండుముక్కలతో చింతపండు పులుసు పెట్టాను. చిక్కటి చలి. రేకుల గదిలో మృణాళిని టోపీ సరిచేస్తున్న చప్పుడు వినబడుతోంది. మా ఆయన తలకు ఆ పిల్ల వేళ్ళు తగులుతాయి కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. మనసు ఇలా ఉంటే చెయ్యి ఏం వేసిందో, ఏం వెయ్యలేదో ఎవరికి తెలుసు.

ఆయన తిన్నారు. ముద్ద ముద్దకీ నేను చూస్తూ ఉన్నాను.

"పులుసులో ఉప్పు సరిపోయిందాండి?"

జవాబు కోసం ఆగాలి. నేను ఆగలేదు. గ్లాసుతో నీళ్ళు అందించాను. ఆ గ్లాసు ఆయన చేతిలోకి పోతుండగా, ఇన్నాళ్ళూ గొంతులో ఉన్నది బయటికొచ్చేసింది.

"నా దగ్గర లేనిది దాని దగ్గర ఏముందండీ?"

నీళ్ళు తాగారు. నా వంక చూశారు. "సార్, టైమైతున్నది" అని పిలిచింది మృణాళిని. లేచి వెళ్ళిపోయారు. టోపీ తొడిగారు. నా రెండు ప్రశ్నలూ ఆయనతో పాటే ఆ చలికాలంలోకి వెళ్ళిపోయాయి.

నేను కాకినాడ తిరిగొచ్చాను. సంక్రాంతి వెళ్ళాక ఆయన్ని లేపి, ఆ పిల్ల కూర్చుందని అక్కడివాళ్ళు ఫోన్లో చెప్పారు. ఆయన మంచం మీద ఉన్నారు, పెట్టింది తింటున్నారు, పలకడం లేదు. చైత్రం వెళ్ళాక ఒక తెల్లవారుజామున మృణాళిని చెయ్యి మీటను నొక్కింది. నొక్కి వదల్లేదు. వేళ్ళు విడదీయడానికి ఇద్దరు పట్టారట. లోచర్ వాళ్ళు గొర్రెలతో, పొయ్యిలతో, పసిపిల్లలతో ఎదురుకొండ ఎక్కేశారు. వాళ్ళు ఎక్కిన నాలుగో రోజున డోల్కర్ లేచింది. రోజుకి జానెడు కదలనిది రోజుకో కొబ్బరితోట దాటింది. నదికి అడ్డం పడింది. వెనక చెరువైంది, తెగింది. ఊళ్ళో ఒక్క గోడ మిగల్లేదు. ఒక్క మనిషీ పోలేదు.

నేను వెళ్ళేసరికి ఇద్దరూ ఒక బల్ల మీద ఎదురెదురుగా, శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. మృణాళినికి తల్లీ తండ్రీ లేరు. అన్న ఒకాయన ఫోన్లో, "మీరే చూసుకోండమ్మా, మేము ఏం జేస్తం" అన్నాడు. బేరం నాది. దిగిన సరుకు నేనే మోసుకోవాలి. ఇద్దర్నీ కాకినాడ తెచ్చాను.

*

వసారాలో రెండు కుర్చీలు వేశాను. కంచం పెడితే తింటారు. పొద్దు పోతే పడుకుంటారు. దారి చూపిస్తే సముద్రం దాకా నడుస్తారు. మాట, నవ్వు, కోపం మాత్రం పున్నమి నాడు వేసింది పున్నమికి పండుతుంది.

శ్రావణంలో ఒకరోజు మృణాళిని ఉన్నట్టుండి అంది: "సార్, డోల్కర్ అంత దూరం ఉరికింది, ఇప్పుడు ఆయాసపడుతుంటది."

 భాద్రపదంలో ఒకరోజు మా ఆయన గట్టిగా నవ్వారు. ఎంత బాగా నవ్వారని! "ఆయాసమా? కాళ్ళు పట్టమంటుంది నిన్ను!" అన్నారు. ఆశ్వయుజంలో ఆ పిల్ల నవ్వింది.

నాకు మూడు నెలలు. వాళ్ళకి? నేను ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి తెలుసు. వాళ్ళకి అది ఒక్క ఊపిరి. ఒకరు అన్నారు, ఒకరు నవ్వారు, మళ్ళీ ఒకరు నవ్వారు. మధ్యలో సందే లేదు. ఆ ముచ్చట సాగినంతసేపూ నేను చేసిన వంటలూ, తిట్టిన తిట్లూ, చెప్పిన కబుర్లూ వాళ్ళ చుట్టూ రేకుల మీద వడగళ్ళలా పడి ఉంటాయి.

అప్పుడు తెలిసింది నేనేం కొన్నానో. ఆయన ఒక్కరే పూర్తిగా కూర్చుని ఉంటే, ఆ నెమ్మదిలో ఆయనకు ఎవరూ ఉండేవాళ్ళు కాదు. జవాబు రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చినా, ఆ ఒక్క జవాబూ నాకే వచ్చేది. బరువు సగం చేయించి, ఆయన పక్కన సరిజోడు మనిషిని నా చేత్తోనే కూర్చోబెట్టాను.

ఒకరోజు కుర్చీలు వీపూ వీపూ ఆనుకునేలా తిప్పేశాను.

"అమ్మా, కుర్చీలెందుకు తిప్పావు?" అంది తనూజ.

"గాలి కోసం."

"గాలి అటు రాదు కదా."

"వస్తుంది, నువ్వు చదువుకో."

కార్తీకంలో మా ఆయన గోడ వంక చూస్తూనే, "మృణాళినీ, నీకు అరికాళ్ళ కింద నీళ్ళు ఇంకా జారుతున్నాయా?" అన్నారు. కుర్చీలు తిప్పినా ముచ్చట ఆగలేదు. సిగ్గేసి మళ్ళీ ఎదురెదురుగా పెట్టాను.

అసూయ తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ పిల్లకి తల దువ్వుతాను, ఆప్రికాట్లు నానబెట్టి పెడతాను, దువ్వుతూనే కుళ్ళుకుంటాను. రెండూ ఒకే చేత్తో చేయొచ్చని ఇప్పుడు తెలిసింది.

మొన్న పొద్దున పెద్ద బోట్లు ఏడెనిమిది ఒకేసారి రేవుకొచ్చాయి. ఇంటి కింద ఫ్యాక్టరీలో ఐసు నలిపే క్రషర్ గడగడలాడుతోంది. తాళాలు నడుముకి దోపుకుని, పాటకి పరిగెత్తబోతూ వాళ్ళ ముందు ఫలహారం పెట్టాను. అప్పుడు మా ఆయన పెదవులు కదిలాయి.

"కొంచెం తక్కువైంది."

"ఏంటండీ తక్కువైంది? చట్నీయా?"

అనేశాక వెలిగింది. ఉప్పు. గుడారంలో పులుసు. చలికాలమంతా మంచులో ఉండి, ఇన్ని నెలలు మా వసారాలో వరసలో నిలబడి, ఆ ప్రశ్న ఇప్పటికి ముందుకొచ్చింది. కొండ మీది నుంచి మోసుకొచ్చిన బాకీ ఇది, రోజూ వేసే ప్రశ్నలకంటే ఎంతో వెనకబడిపోయింది. దాని వెనక ఏముందో నాకు తెలుసు. రెండు ప్రశ్నలకీ మధ్య గ్లాసుడు నీళ్ళు అందించినంత సందు.

వద్దు, చెప్పకండి అందామనుకున్నాను. ఆ మాట ఆయనకి చేరేసరికి వచ్చే పున్నమి. జవాబు ఇప్పుడే వస్తుంది.

మెట్ల దగ్గర స్విచ్చు ఉంది. క్రషర్ ఆపేశాను. వేట రోజున మా ఫ్యాక్టరీ ఆగడం నా ఎరికలో అదే మొదలు. కింద నుంచి కుర్రాళ్ళు, "అమ్మగారూ, ఐసండీ! బోట్లు వెళ్ళిపోతన్నాయండీ!" అని కేకలు వేశారు. రేవు వైపు నుంచి పాటగాడి గొంతు వినబడుతోంది. నేను ముక్కాలిపీట లాక్కుని ఆయన ముందు కూర్చున్నాను. ఫలహారం పెట్టడానికి, మందివ్వడానికి, తాళాలు తీసుకోవడానికి ఆ వసారాలోకి రోజుకి వందసార్లు వస్తాను. కూర్చోవడం అదే మొదటిసారి.

ఆయన చూపు నా మీదికి వచ్చింది. దిమ్మ కరిగేదాకా చూసిన ఆ చూపే.

"ఏమీ లేదు వేణీ" అన్నారు. "అది నన్ను ఏదీ అడగదు, అంతే."

నోటిదాకా పది మాటలొచ్చాయి. అడక్కపోతే మీరెప్పుడు చెప్పారండీ, ఆ పిల్ల మాత్రం అడగదా, ఇన్నేళ్ళు ఇల్లు ఎవరు నడిపారనుకున్నారు. అన్నీ ప్రశ్నలే. నా బతుకంతా అడగడమే, ధర అడగడం, తూకం అడగడం, కాఫీ కలపనా అని అడగడం. ఒక్కొక్కటే మింగేశాను. మింగడానికి టైము పట్టింది. రేవులో పాట అయిపోయింది. కుర్రాళ్ళు అరవడం మానేశారు.

ఒక్క మాటే పంపాలి, అందులో ప్రశ్న ఉండకూడదు. సరుకు ఏరినట్టు ఏరుకున్నాను.

"ఈసారి ఉప్పు సరిపడా వేశాను" అన్నాను.

మృణాళిని కూడా వినే ఉంటుంది. విననీ. పున్నమికి ఆ మాట ఆయన చెవిన పడేటప్పటికి నేను ఇదే పీట మీద ఉంటాను. ఆ పిల్ల నవ్వితే నవ్వుకోనీ. వరసలో ముందున్నది నా మాటే.